గీటురాయి మీద చందమామ

2023 ఆగస్టు 23 సాయంత్రం నేను జమ్మలమడుగులో మా చిన్నాయన ఇంట్లో ఉన్నాను. హాల్లో ఇంట్లోవాళ్ళు, పక్కింటి పిల్లలు కలిపి పది పన్నెండు మందిమి. ఆరూ నాలుగుకి విక్రమ్ చంద్రుడి మీద దిగింది. పిల్లలు కేకలు పెట్టారు. చిన్నమ్మ దేవుని గూటికి దండం పెట్టుకుని, ఇదంతా బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినారంది. (మా జిల్లాలో ఏ వింత జరిగినా దానికి కాలజ్ఞానంలో ఒక చోటు దొరుకుతుంది. మఠం ఇక్కడే ఉంది కాబట్టి ఆ హక్కు మాకు కాస్త ఎక్కువ.) నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నాయన మాత్రం కుర్చీలోంచి కదలకుండా ఒక మాటన్నాడు.

"బొమ్మను చూసి చప్పట్లు కొడుతుండారు కదరా!"

కోపం వచ్చింది కానీ, ఆయన అన్నది అక్షరాలా నిజం. దిగుతున్న ఆ ఇరవై నిమిషాలూ తెర మీద మనం చూసింది కంప్యూటర్ గీసిన ల్యాండర్ బొమ్మ. పక్కన ఎత్తు, వేగం చూపే అంకెలు, గ్రాఫ్ మీద పాకే గీత, బెంగళూరులో కంట్రోల్ రూమ్‌లో బిగుసుకుపోయిన ముఖాలు. దిగేటప్పుడు ల్యాండర్ కెమెరా నిజంగా తీసిన వీడియోను ఇస్రో బయటపెట్టింది మరుసటి రోజు. అంటే దేశమంతా ఏడ్చింది, నవ్వింది ఒక బొమ్మను చూసి, ఆ అంకెలు పంపుతున్నవాళ్ళ మీద నమ్మకంతో.

చిన్నాయన ముప్పై ఏళ్ళు ప్రొద్దుటూరులో బంగారు పని చేసినాడు. చదివింది తక్కువ, చూసింది ఎక్కువ. ఆయనకు చంద్రయాన్ మీద పెద్దగా అనుమానం లేదు. మమ్మల్ని ఉడికించడానికి అన్నాడంతే. ఆయన అసలు గొడవ 1969తో. "అమెరికావోళ్ళు స్టూడియోలో సినిమా తీసినారబ్బా. గాలి ల్యాకుండా జెండా ఎట్ల ఊగుతాది? ఆకాశంలో ఒక్క చుక్కన్నా ఉందా? నీడలు తలా ఒక దిక్కు పోతాండాయి." ఇది ఆయన కనిపెట్టింది కాదు. 1976లో బిల్ కేసింగ్ అనే అమెరికన్ మనం చంద్రుడి మీదకు పోనేలేదంటూ సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. 2001లో ఫాక్స్ టీవీ వాళ్ళు గంటసేపు కార్యక్రమం చేశారు. అక్కడి నుంచి దొర్లుకుంటూ వచ్చి, తెలుగు డబ్బింగ్ గొంతుతో, పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊరి ఫోన్లోకి చేరింది.

గమనించండి, ఆయన అభ్యంతరాలన్నీ ఫోటోల మీదే. రాకెట్ మీద కాదు, ఇంధనం మీద కాదు. ఫోటో మనందరికీ చదవడం వచ్చు అనుకుంటాం కాబట్టి.

2025 భోగి రోజు సాయంత్రం ఇద్దరం గండికోట పోయాం. పందెం లాంటిదే. అక్కడ తేల్చుకుందాం అన్నాను. పొద్దు వాలుతుంటే కోటలో జుమ్మా మసీదు మినార్ల నీడలు, మా ఇద్దరి నీడలు పొడుగ్గా సాగాయి. ఫోన్‌లో వెడల్పుగా ఫోటో తీస్తే ఒక నీడ కుడికి, ఒకటి ఎడమకు పోతున్నట్టే వచ్చింది. ఉన్నది ఒక్క సూర్యుడే. రైలు పట్టాలు దూరంలో కలిసినట్టు కనబడటం లాంటిదే ఇది. దానికి తోడు నేల ఎగుడుదిగుడుగా ఉంటే గుంటలో పడిన నీడ ఒక పొడవు, మిట్ట మీద పడింది ఇంకో పొడవు. లోయ అంచున రాళ్ళ మీద అది ఇంకా బాగా తెలుస్తుంది. చిన్నాయన ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి "ఊఁ" అన్నాడు.

చీకటి పడ్డాక చుక్కల సంగతి. పున్నమి వెన్నెల్లో కూడా గురుగ్రహం, మృగశిర చుక్కలు కంటికి బాగానే కనబడుతున్నాయి. టీ బంకు బల్బు కింద ఆయన్ని నిలబెట్టి ఫోటో తీశాను. ముఖం చక్కగా వచ్చింది, వెనక ఆకాశం మసి పూసినట్టు నల్లగా ఉంది. బల్బు వెలుగుకే ఇట్లా ఉంటే, అపోలో వాళ్ళు దిగింది చంద్రుడి మీద పగటిపూట. నేల మీద ఎండ, ఒంటి మీద తెల్ల సూట్లు. వాళ్ళ హాసెల్‌బ్లాడ్ కెమెరాలను ఎండకు తగ్గట్టు, సెకనులో 250వ వంతు వెలుతురు తీసుకునేలా పెట్టారు. అంత తక్కువ సమయంలో చుక్కలు ఫిల్ముకు ఎక్కవు. ఎక్కి ఉంటే అప్పుడు అనుమానించాలి. జెండాకు పై అంచున అడ్డంగా కడ్డీ ఉంది. అపోలో 11లో ఆ కడ్డీ పూర్తిగా సాగలేదు, అందుకే గుడ్డ ముడతలు పడింది. గాలి లేనిచోట ఒకసారి కదిపితే ఆపేది కూడా తక్కువ.

అన్నీ విన్నాడు. దేనికీ అడ్డం చెప్పలేదు. కారెక్కాక అన్నాడు: "నువ్వు చెప్పినేవన్నీ సరే. కానీ వాళ్ళు పోలేదు."

ఆ రోజు నాకు ఒక సంగతి అర్థమైంది. నీడలూ, చుక్కలూ ఆయన అనుమానానికి కారణాలు కావు. అనుమానం ముందు నుంచే ఉంది. అది కట్టుకున్న బట్టలు ఇవి. ఒకటి విప్పితే ఇంకొకటి కట్టుకుంటుంది.

ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తక్కువ చేసే అర్హత ఎందుకు లేదో చెప్పాలంటే మళ్ళీ 2023 ఆగస్టుకే పోవాలి.

విక్రమ్ దిగిన రాత్రి నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. చంద్రుడి మట్టిలో ప్రజ్ఞాన్ చక్రం వేసిన ముద్ర: ఒక పక్క ఇస్రో గుర్తు, ఒక పక్క నాలుగు సింహాలు, గీసి పెట్టినట్టు. ఒళ్ళు పులకరించింది. వెంటనే ఇంటి గ్రూపులో పెట్టాను. కింద చిన్నాయన పేరు పెట్టి మరీ రాశాను, ఇప్పుడేమంటావు అని. హైదరాబాదులో డిగ్రీ చేసి, గ్రూపులో ఎవరు ఏ అబద్ధం పెట్టినా లింకులతో సరిదిద్దే మనిషిని నేను. మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, నువ్వు పంపిన ఫోటో దొంగదంట కదా."

నిజమే. అది ఒక అభిమాని ఉత్సాహం కొద్దీ కంప్యూటర్ మీద తయారుచేసిన ఊహాచిత్రం. చక్రాలకు ఆ గుర్తులు ఉన్న మాట వాస్తవం. కానీ అక్కడి మట్టి స్వభావం వల్ల ముద్రలు అంత స్పష్టంగా పడలేదు. నేను ఏదో నసిగాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"అది మనోళ్ళు దిగినందుకు రుజువు అన్నావు. రుజువు దొంగదైతే, దిగింది కూడా దొంగేనా?"

కాదు, దిగింది నిజం. మరి నేను చేసిన పనేమిటి? ఒక నిజానికి అబద్ధపు సాక్ష్యం తెచ్చాను. కోర్టులో అయితే నిజమైన కేసు కూడా ఓడిపోయేది. ఇంగ్లీషు తత్వవేత్త క్లిఫర్డ్ 1877లో రాసిన ఒక వ్యాసంలో ఓ ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతబడింది, మరమ్మతు చేయాలని లోపల తెలుసు. అయినా ఇన్నిసార్లు క్షేమంగా పోయొచ్చింది, ఈసారీ పోయొస్తుందిలే అని మనసుకు నచ్చజెప్పుకుని జనాన్ని ఎక్కిస్తాడు. ఓడ మునిగితే తప్పు అతనిదే అంటాం. క్లిఫర్డ్ అక్కడ ఆగడు. ఓడ మునగకుండా ఒడ్డు చేరినా అతని తప్పు వీసమెత్తు తగ్గదంటాడు. నమ్మకం నిజమైందా కాదా అని కాదు, నమ్మే హక్కు అతనికి ఉందా అన్నది ప్రశ్న. చదివినప్పుడు ఇది మరీ కఠినం అనిపించింది. ఆ ఫోన్ కాల్ తర్వాత కాదు. నా ఓడ చంద్రుడి దాకా క్షేమంగానే చేరింది. కానీ ఆ ఫోటోను నేను పరీక్షించలేదు. పరీక్షించాలని తోచకపోవడానికి కారణం ఒకటే, అది నాకు కావలసిన మాట చెప్పింది. ఊగే జెండా చిన్నాయనకు కావలసిన మాట చెప్పినట్టే.

ఇక్కడ ప్రొద్దుటూరు గురించి చెప్పాలి. రెండో బొంబాయి అని మావాళ్ళు గొప్పగా చెప్పుకునే ఊరు. ఆ గొప్పలో సగం బంగారానిది. చిన్నప్పుడు చిన్నాయన దగ్గర కూర్చుని గీటురాయి చూసేవాణ్ణి. నల్లటి రాయి. ఎవరైనా పాత నగ తెస్తే దాని అంచును రాయి మీద గీస్తాడు, పసుపు గీత పడుతుంది. దాని పక్కనే తన దగ్గరున్న, వన్నె తెలిసిన మచ్చు బంగారంతో ఇంకో గీత. రెండింటి మీదా యాసిడ్ చుక్క. ఏ గీత నిలిచింది, ఏది వెలిసింది అన్నదాన్ని బట్టి వన్నె చెబుతాడు. తెచ్చినవాడి ముఖం చూసి చెప్పడు, నగ మెరుపు చూసి అసలే చెప్పడు.

ఫోటో గొడవ అంతా ఇందులో ఉందనిపిస్తుంది నాకు. నమ్మేవాళ్ళూ, నమ్మనివాళ్ళూ ఇద్దరం మెరుపునే చూస్తున్నాం. ఫోటోను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, నిజం ఆ చుక్కల లోపల ఎక్కడో దాక్కుని ఉందన్నట్టు వెతుకుతాం. ఒంటరి గీత ఏమీ చెప్పదు. పక్కన మచ్చు గీత ఉంటేనే అది మాట్లాడుతుంది. అపోలో వాళ్ళు మొత్తం 382 కిలోల రాళ్ళు, మట్టి తెచ్చారు. అమెరికా మీద పగబట్టిన సోవియట్ యూనియన్ 1970లో లూనా 16 అనే మనిషి లేని నౌకతో సొంతంగా ఓ వంద గ్రాములు తెచ్చుకుంది. 2020లో చైనా తన చాంగ్‌ఎ 5తో కిలోన్నరకు పైగా తెచ్చింది. ఒకరి మట్టిని ఒకరి మట్టి పక్కన పెట్టి చూశారు. చోటును బట్టి, వయసును బట్టి తేడాలున్నాయి. కానీ ఇవి చంద్రుడివి, అవి స్టూడియోవి అని ఎవరూ అనలేదు. అనడానికి అందరికంటే ఎక్కువ ఆశ ఉన్నవాళ్ళు కూడా అనలేదు.

గీటురాయికీ హద్దు ఉంది, అది చిన్నాయనే చెప్పేవాడు. పూత మందంగా ఉంటే రాయి మోసపోతుంది. అప్పుడు కత్తిరించాలి, అవసరమైతే కరిగించాలి. ఇప్పుడు ఏ నగ కొన్నా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉండాల్సిందే, 2023 ఏప్రిల్ నుంచి. ఆ నంబరు దానంతటది బంగారం కాదు. దాని వెనక ఒక పరీక్షా కేంద్రం ఉంది, లెక్క ఉంది, తప్పు తేలితే పట్టుకోవడానికి ఒక పేరు ఉంది. ఫోటో కూడా అంతే. ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ కెమెరాతో, అసలు ఫిల్ము ఎక్కడుంది అన్న ముద్రలు దాని వెనక ఉంటేనే దానికి విలువ.

ఆ మాటకొస్తే నాసా కూడా ఇక్కడ ఒక వెధవ పని చేసింది. అపోలో 11 టీవీ ప్రసారాన్ని నేరుగా రికార్డు చేసిన అసలు టేపులు, వేలాది ఇతర టేపులతో పాటు చెరిపేసి మళ్ళీ వాడుకున్నారని 2009లో వాళ్ళే ఒప్పుకున్నారు. ప్రసారం కాపీలు ఉన్నాయి, ఫిల్ములు ఉన్నాయి, సాక్ష్యం ఏమీ పోలేదు. అయినా మనిషి మొదటి అడుగు టేపును చెరిపేసే ఆఫీసు గురించి చిన్నాయన ఒక మాట అంటే నేను ఏమని సమాధానం చెప్పను?

నమ్మకం మీద ఇంకో బరువు కూడా ఉంది. పులివెందుల నుంచి వేముల వైపు పోతే తుమ్మలపల్లి. అక్కడ యురేనియం గని, శుద్ధి కర్మాగారం. వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోర్ల నీళ్ళు చెడిపోయాయని, పంటలు దెబ్బతిన్నాయని ఏళ్ళుగా చెబుతున్నారు. అంతా పరిమితుల్లోనే ఉందని అధికారుల జవాబు. ఎండిన అరటి తోట ఫోటో చూపిస్తే, ఫోటో రుజువు కాదు, నీళ్ళు పరీక్షించాలి అంటారు చదువుకున్నవాళ్ళు. సరైన మాటే. చెరువు బాగుందని తీసిన ఫోటో కూడా రుజువు కాదు, అది ఎవరూ అనరు. మా పులివెందుల బంధువొకాయన నాతో అన్నాడు: "మా బోరు నీళ్ళ కాడ సర్కారోళ్ళ మాట నమ్మాలంటావు, చంద్రుని కాడా నమ్మాలంటావు. నీకు ఏం పోయింది, నువ్వు తాగే నీళ్ళు కావు కదా." చంద్రుడికీ బోరుకీ తర్కంలో ఏ సంబంధమూ లేదు. కానీ నమ్మకం తర్కం దారిలో నడవదు. ఒకచోట దెబ్బతిన్నవాడు అన్నిచోట్లా చేయి వెనక్కి తీసుకుంటాడు. అతని అనుమానాన్ని మూఢత్వం అనే ముందు అది ఎక్కడ పుట్టిందో అడగాలి.

మన న్యాయశాస్త్రం వాళ్ళు శబ్దాన్ని, అంటే ఇంకొకరి మాటను, ప్రమాణాల్లో ఒకటిగా ఒప్పుకున్నారు. ఆ మాట ఆప్తుడిది అయి ఉండాలి: విషయం స్వయంగా తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. నాకు చంద్రుడి గురించి తెలిసినదంతా శబ్దమే. నేను ఒక్క రాయినీ ముట్టుకోలేదు. అపోలో 11, 14, 15 వదిలివచ్చిన అద్దాల మీద లేజర్ వేస్తే రెండున్నర సెకన్లలో వెలుగు తిరిగి వస్తుందని చదివాను, వేసి చూడలేదు. చిన్నాయన అడిగేది రెండో లక్షణం గురించి: వాళ్ళకు నిజం చెప్పాలని ఉందని నీకెట్లా తెలుసు? దీనికి నాకు తెలిసిన జవాబు ఒకటే. వాళ్ళ మంచితనం మీద ఆధారపడకుండా ఉండటం. పగవాడు కూడా కాదనని మాట పట్టుకోవడం, తనకే నష్టమైన సాక్ష్యం చెప్పినవాణ్ణి చూడటం.

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్ 2 ల్యాండర్ కూలిపోయింది. ఆ శకలాలు ఎక్కడ పడ్డాయో మొదట పట్టుకున్నది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్. ఆయన ఇస్రో మనిషి కాదు, నాసా మనిషీ కాదు. నాసా ఎల్‌ఆర్ఓ ఉపగ్రహం ఫోటోలు ఎవరైనా దించుకోవచ్చు. కూలకముందు ఫోటో, కూలిన తర్వాతి ఫోటో పక్కపక్కన పెట్టుకుని, రాత్రుళ్ళు కూర్చుని, కొత్తగా వచ్చిన ఒక తెల్ల చుక్కను పట్టుకున్నాడు. నాసా సరిచూసుకుని డిసెంబరులో ఆయన పేరుతోనే ప్రకటించింది. ఆ ఫోటోలో మనకు గర్వపడేది ఏమీ లేదు. మన ఓటమి ఫోటో అది. సింహాల ముద్ర ఫోటోను లక్షలమంది పంచుకున్నారు, దీన్ని ఎంతమంది దాచుకున్నారు? నేను దాచుకోలేదు. గీతలు రెండూ పక్కపక్కన పెట్టిన పని మాత్రం ఇదే.

ఆ గండికోట సాయంత్రమే ఇంకోటి జరిగింది. లోయ మీద చంద్రుడు పైకొచ్చాక చిన్నాయన తన కొత్త ఫోన్ తీసి, జూమ్ చేసి, ఫోటో తీశాడు. మచ్చలు, గుంటలు అన్నీ అద్దంలా వచ్చాయి. "నా ఫోన్లోనే ఇంత బాగా వస్తాంటే, వాళ్ళు దిగిన జాగా యాల కనపడదు?" మంచి ప్రశ్న. హబుల్ టెలిస్కోపుకు కూడా అక్కడ ఉన్న వస్తువు 90 మీటర్లకు తక్కువైతే విడిగా కనబడదని చెప్పాను. ఆయన ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు కొన్ని ఫోన్లలో చంద్రుణ్ణి గుర్తుపట్టి, మసగ్గా ఉన్నచోట వివరాలను పూరించే ఏఐ ఉంటుంది. 2023లో ఒకాయన కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి ఫోన్‌తో తీస్తే, బొమ్మలో లేని గుంటలు ఫోటోలో వచ్చాయి. అంటే ఆయన మెచ్చుకుంటున్న ఆ చంద్రుడు సగం కెమెరా చూసింది, సగం ఫోన్‌కు ముందే తెలిసింది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆయన ముఖంలో ఆ సంతోషం చూసి నోరు రాలేదు. ఇది కూడా క్లిఫర్డ్ లెక్కలో తప్పే అనుకుంటాను.

హైదరాబాదు తిరిగొచ్చాక ఆయనకు ఒక ఫోటో పంపాను. చంద్రయాన్ 2 ల్యాండర్ కూలినా, ఆర్బిటర్ తిరుగుతూనే ఉంది. దాని మీదున్న ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా 2021లో అపోలో 11 దిగిన చోటును తీసింది. ఫోటోలో ఒక్కో చుక్క పాతిక ముప్పై సెంటీమీటర్ల నేల. బూడిదరంగు నేల మీద ఒక తెల్ల మచ్చ, దాని పక్కన నల్ల నీడ. ఆమ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ వదిలి వచ్చిన ల్యాండర్ అడుగు భాగం అది. చూడటానికి ఏమీ ఉండదు. ఫోన్ తీసిన చంద్రుడి పక్కన పెడితే దీన్ని ఎవరూ ఫోటో అని కూడా అనరు. కింద వివరమంతా రాశాను: ఏ కెమెరా, ఎంత ఎత్తు నుంచి, నాసా ఫోటోలతో ఎట్లా సరిపోల్చుకోవాలి. ఈసారి ఒకటికి రెండుసార్లు చూసుకుని పంపాను.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున ఫోన్ చేశాడు.

"ఆ చుక్క ఫోటో... అది మనోళ్ళు తీసిందేనా?"

"అవును చిన్నాయనా. ఇస్రో తీసింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక చిన్నమ్మ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది.

"మనోళ్ళు తీసింటే ఉంటాదిలే" అన్నాడు. "పోయింటారు."

అట్లా నమ్మకూడదు చిన్నాయనా, మనోళ్ళైనా చూసుకునే నమ్మాలి అని నోటి దాకా వచ్చింది. సంక్రాంతికి చేసిన అరిసెలు బస్సులో పంపుతున్నాను, అందినాక ఫోన్ చెయ్ అని పెట్టేశాడు.